గుమాస్తా కొలువు నుంచి నల్లకోటు దాకా: దామోదరం సంజీవయ్య గారు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక పెద్దమనిషి జీవితం గురించి రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు చాలా పేర్లు మనసులో మెదిలాయి. కోర్టు నౌకరీలో జీవితమంతా గడిపినవాణ్ణి కనుక వకీలు వృత్తిలోకి వచ్చినవారి కథే రాయాలనిపించింది. మన ఇందూరుకు వకీళ్ల ముచ్చట కొత్త కాదు. 1937లో ఆరవ ఆంధ్ర మహాసభ నిజామాబాదులోనే జరిగింది. దానికి అధ్యక్షత వహించిన మందుముల నరసింగరావు గారు వకీలు. ఆ ఉద్యమాన్ని నడిపిన మాడపాటి హనుమంతరావు గారు, బూర్గుల రామకృష్ణారావు గారు, కొండా వెంకట రంగారెడ్డి గారు కూడా వకీళ్లే. నిజాం రాజ్యంలో కోర్టు భాష ఉర్దూ. తెలుగు తప్ప మరొకటి రాని రైతు తన దావాలో ఏం జరుగుతున్నదో తెలుసుకోవాలన్నా వకీలు గారి నోటివెంటే వినాలి. అందుకని ఆ పెద్దల సేవ చిన్నది కాదు. కాని ఆ తరం వకీళ్లలో చాలామందికి వెనుక ఊళ్లో భూమో, వతనో, చదువుకున్న బంధుగణమో ఏదో ఒక ఆసరా ఉండేది.

ఆ ఆసరా ఏదీ లేకుండా నల్లకోటు వేసుకున్న మనిషి గురించి రాద్దామని సంజీవయ్య గారిని ఎంచుకున్నాను. ఆయన కర్నూలు జిల్లావారు, మన జిల్లాతో ఏం సంబంధమని కొందరు సభ్యులు అడగవచ్చు. సంబంధం ఉంది. శక్కర్‌నగర్ క్వార్టర్లలో ఉండి రిటైరైనవారికి మరీ ఉంది. ఆ సంగతి సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

కర్నూలుకు సమీపంలోని పెద్దపాడు గ్రామంలో 1921 ఫిబ్రవరి 14న ఒక మాల కుటుంబంలో సంజీవయ్య గారు జన్మించారు. వారికి సెంటు భూమి లేదు. మగ్గం మీద నేత, అది లేని రోజున కూలి, అదే బతుకుతెరువు. పుట్టిన కొద్ది రోజులకే తండ్రి పోయారు. తల్లి పిల్లలను తీసుకుని పాలకుర్తిలో ఉన్న తన అన్నదమ్ముల దగ్గరికి చేరింది. అక్కడ ఈయన పశువులు కాశారు. కొన్నేళ్ల తరువాత మళ్లీ పెద్దపాడుకే వచ్చి బడిలో చేరారు. ఆ కాలంలో ఆ కులపు పిల్లవాడు పలక పట్టుకుని బడి గడప దాకా పోవడమే ఒక సాహసం. పైగా ఆ ఇంట్లో పనికివచ్చే రెండు చేతులను కూలికి పంపకుండా బడికి పంపాలి. తల్లి, అన్న కలిసి ఆ భారం మోశారు. ఇంట్లో ఒకడి చదువు కోసం మరొకడు చదువు మానుకోవడం మన ఇళ్లలోనూ జరిగిందే కనుక దీన్ని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు.

పెద్దపాడులో చిన్న తరగతులు అయ్యాక కర్నూలులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ పాఠశాల, ఆ పైన మునిసిపల్ హైస్కూలు. 1938లో ఎస్‌.ఎస్‌.ఎల్‌.సి. మంచి మార్కులతో పాసయ్యారు. తరువాత అనంతపురంలోని దత్తమండల కళాశాలలో చేరి గణితం ముఖ్యాంశంగా బి.ఏ. 1942లో పూర్తి చేశారు. అప్పటికి యుద్ధం సాగుతోంది. ధరలు మండిపోతున్నాయి, ఉద్యోగాలు అరుదు. పట్టా చేత పట్టుకుని కర్నూలులో గుమాస్తాగా కుదిరారు. జీతం నెలకు 48 రూపాయలని చెబుతారు. కొంతకాలం రేషనింగు ఆఫీసులోనూ పనిచేశారు. ఆ ఆఫీసు ఎత్తివేసినప్పుడు బళ్లారి వెళ్లి కేంద్ర ప్రజాపనుల శాఖలో తాత్కాలిక ఇన్‌స్పెక్టరుగా చేరారు. పర్మనెంటు కాని కొలువులో ప్రతి ఆర్డరు కాగితానికీ గుండె దడదడలాడటం మన సభ్యులలో చాలామందికి అనుభవమే.

బళ్లారిలోనే ఆయన జీవితం మలుపు తిరిగింది. అక్కడి జిల్లా జడ్జి ఒకరితో పరిచయం కలిగి, ఆయన ప్రోత్సాహంతో లా చదవాలని నిశ్చయించుకున్నారు. ఈ చిన్న విషయం దగ్గర కాస్త ఆగుతాను. వకీలు ఇంట్లో పుట్టినవాడికి ఈ సలహా ఎవరూ ఇవ్వనక్కరలేదు. పెద్దవాళ్ల మాటల్లోనే వాయిదాలు, అప్పీళ్లు చెవిన పడుతుంటాయి. ఏ కాలేజీలో చేరాలి, ఏ సీనియరు దగ్గర కుదరాలి, ఎన్నాళ్లు ఓపిక పట్టాలి అన్నీ భోజనాల దగ్గరే తెలిసిపోతాయి. కూలి ఇంట్లోంచి వచ్చినవాడికి కోర్టు అంటే సమన్లు వచ్చినప్పుడు భయపడుతూ పోయే చోటు. అదే చోట తాను గౌను వేసుకుని నిలబడవచ్చునని ఎవరో ఒకరు చెప్పాలి. సంజీవయ్య గారికి ఆ మాట చెప్పింది సాక్షాత్తూ జడ్జి గారే కావడం అదృష్టం. జిల్లా కోర్టులో నేను చూసిన కుర్రవాళ్లలో ఆ మాట చెప్పేవారు లేక కాలేజీ అడ్మిషను దగ్గరే తప్పిపోయినవారు ఎందరో.

చేతిలో ఉన్న ఉద్యోగం వదిలి మద్రాసు లా కాలేజీలో చేరారు. ఇంటికి డబ్బు పంపవలసిన మనిషి పాతికేళ్ల వయసులో తిరిగి విద్యార్థి కావడం మాటలు కాదు. మద్రాసులోనే ఒక పాఠశాలలో లెక్కలు చెబుతూ, ఆ జీతంతో తిండి, పుస్తకాలు, ఫీజులు గడుపుకున్నారు. పొద్దున ఒక చోట పంతులు, మరో పూట ఇంకో చోట శిష్యుడు. ఇలాగే సాగి 1948లో లా పట్టా వచ్చింది.

పట్టా వస్తే వకీలు అయిపోయినట్లేనని బయటివారు అనుకుంటారు. అసలు కష్టం అక్కడ మొదలవుతుంది. ఆ రోజుల్లో పట్టా తరువాత ఒక సీనియరు దగ్గర అప్రెంటిసు చేయాలి. ఆ కాలానికి జీతం ఉండదు. తరువాత పేరు నమోదు. 1899 నాటి స్టాంపుల చట్టం హైకోర్టు జాబితాలో అడ్వకేటుగా పేరు ఎక్కించుకోవడానికి 500 రూపాయల స్టాంపు పెట్టింది. పాఠకులు ఒక లెక్క వేయండి. సంజీవయ్య గారి మొదటి కొలువు జీతం 48 రూపాయలైతే, తినకుండా తాగకుండా పది నెలలు దాచినా ఆ స్టాంపుకు ఇంకా 20 రూపాయలు తక్కువ. భూమి ఉన్నవాడు ఒక మడి తాకట్టు పెట్టి కట్టేస్తాడు. లేనివాడు ఏం తాకట్టు పెట్టాలి?

స్టాంపు కట్టినా కేసులు వెంటనే రావు. మొదటి వకాలత్‌నామా ఎవరు ఇస్తారు? మేనమామ ఇస్తాడు, ఊరి కరణం పంపుతాడు, నాన్నగారి స్నేహితుడైన షావుకారు ఇస్తాడు. జూనియరుకు వచ్చే మొదటి పది కేసులు అతని తెలివిని బట్టి కాక అతని చుట్టాలను బట్టి వస్తాయి. నేను బెంచి క్లర్కుగా ఉన్నప్పుడు కేసు కట్టల మీద పేర్లు చూసి చూసి ఈ అభిప్రాయానికి వచ్చాను, ఎవరైనా సభ్యులు కాదంటే వాదనకు సిద్ధమే. చుట్టాలంతా కూలీలైన మనిషికి వాళ్ల దగ్గర దావా వేసేంత ఆస్తి ఉండదు. ఉన్న ఒకటి రెండు తగాదాలు కూడా పేరున్న పెద్ద వకీలు దగ్గరికే పోతాయి, ఎందుకంటే బీదవాడు ఓడిపోతే మళ్లీ లేవలేడు, కొత్త కుర్రవాడి మీద పందెం కాయలేడు. అతన్ని తప్పు పట్టలేము.

1950లో సంజీవయ్య గారు మద్రాసులో అడ్వకేటుగా నమోదయ్యారు. అదే ఏడాది ఆయనను తాత్కాలిక పార్లమెంటు సభ్యుణ్ణి చేశారు. 1952 ఎన్నికల్లో మద్రాసు శాసనసభకు గెలిచి, 31 ఏళ్ల వయసులో రాజాజీ గారి మంత్రివర్గంలో చేరారు. అంటే ఇంత కష్టపడి సంపాదించిన గౌను ఎక్కువకాలం కోర్టులో తిరగలేదు. దీన్ని జీవిత చరిత్రలు రాసేవారు ఒక్క వాక్యంలో దాటేస్తారు, నాకు మాత్రం ఇక్కడే మనసు ఆగుతుంది. ఆ సంవత్సరం అమలులోకి వచ్చిన రాజ్యాంగం షెడ్యూల్డు కులాలకు చట్టసభలో స్థానాలు కేటాయించింది, ప్రభుత్వ ఉద్యోగాలలో వాటా ఇవ్వడానికి వీలు కల్పించింది. బార్‌లో మాత్రం ఏ కేటాయింపూ ఉండదు, కేసు కట్టలకు రిజర్వేషను ఎవరు పెట్టగలరు? హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జీల నియామకంలోనూ లేదు. కనుక ఆ కులాల నుంచి వచ్చిన చురుకైన లా పట్టభద్రులకు శాసనసభ తలుపు తెరిచి కనిపించింది, కోర్టు తలుపు ఓరగా మూసి కనిపించింది. సంజీవయ్య గారు బార్‌లోనే ఉండి ఉంటే ఎంత పెద్ద వకీలయ్యేవారో ఎవరూ చెప్పలేరు. సుప్రీంకోర్టులో షెడ్యూల్డు కులాల నుంచి మొదటి జడ్జిగా జస్టిస్ ఎ. వరదరాజన్ గారు కూర్చున్నది 1980 డిసెంబరులో. రాజ్యాంగం వచ్చిన 30 ఏళ్లకు. తెలుగువారైన జస్టిస్ కె. రామస్వామి గారు 1989లో అక్కడికి చేరారు.

1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా ఆయన మంత్రిగా కొనసాగారు. నీలం సంజీవరెడ్డి గారు కాంగ్రెసు అధ్యక్షులై వెళ్లినప్పుడు, 1960 జనవరిలో సంజీవయ్య గారు ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి ఆయన వయసు 38. దేశంలో ఏ రాష్ట్రానికైనా దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదలు. ఆ మంత్రివర్గంలో కొండా లక్ష్మణ్ బాపూజీ గారు ఉన్నారు. ఆయనా వకీలే, పద్మశాలి ఇంటి బిడ్డ. మగ్గం తెలిసిన ఇళ్లలోంచి వచ్చిన ఇద్దరు వకీళ్లు ఒకే మంత్రివర్గంలో కూర్చున్నారంటే మన నిజామాబాదు పద్మశాలి వాడలవారికి సంతోషంగా ఉంటుందని ఈ సంగతి గుర్తు చేస్తున్నాను. ఆ కాలంలోనే మన కామారెడ్డి నుంచి ఎన్నికైన టి.ఎన్. సదాలక్ష్మి గారు శాసనసభ ఉపసభాపతిగా ఉన్నారు.

ఆయన రెండేళ్ల పాలనలో హైదరాబాదు, సికింద్రాబాదు మునిసిపాలిటీలు ఒక్కటయ్యాయి, అవినీతి నిరోధక శాఖ ఏర్పడింది, భూమి లేనివారికి బంజర్లు పంచారు. మన పెన్షనర్లకు ఆసక్తి కలిగించేది వృద్ధాప్య పింఛను. మనది నౌకరీ చేసి సంపాదించుకున్న పెన్షను. ఏ నౌకరీ లేని ముసలివాళ్లకు ప్రభుత్వం నెలనెలా ఎంతో కొంత ఇవ్వాలన్న పద్ధతి ఆయన హయాంలో మొదలైంది. దాని వెనుక ఒక ముచ్చట చెబుతారు. ముఖ్యమంత్రి అయ్యాక పెద్దపాడు వెళ్లి, ఇంకా పాత ఇంట్లోనే కట్టెల పొయ్యి మీద వండుకుంటున్న తల్లి చేతిలో కొంత డబ్బు పెట్టారట. తనకు కొడుకు ఉన్నాడు కనుక ఇచ్చాడు, కొడుకులు లేని ముసలమ్మల సంగతేమిటని ఆమె అడిగిందట. ముచ్చట అచ్చంగా ఇలాగే జరిగిందో, చెప్పేవాళ్ల నోట తీర్చుకున్నదో కాని, పింఛను మాత్రం నిజం.

1962 మార్చిలో ముఖ్యమంత్రి పదవి వదిలి, అదే ఏడాది అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. ఆ పదవికీ ఆయనే మొదటి దళితుడు. ఢిల్లీ రాజకీయాల వివరాలు ఇక్కడ అవసరం లేదు. 1964 జూనులో లాల్ బహదూర్ శాస్త్రి గారి ప్రభుత్వంలో కార్మిక శాఖ మంత్రి అయ్యారు. మొదట్లో బాకీ పెట్టిన సంబంధం ఇక్కడ వస్తుంది.

అంతకుముందు బోనసు అంటే యజమాని పండుగకు ఇచ్చే బహుమతి వంటిది. కావాలంటే యూనియను ట్రిబ్యునలుకు పోవాలి. బొంబాయి బట్టల మిల్లుల తగాదాలో 1950లో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునలు చెప్పిన ఒక సూత్రం ఆధారంగా ప్రతి ఏడూ లాభాల లెక్కలు తవ్వి వాదించాలి. ఆ వాదనకు పెద్ద వకీలు కావాలి, వకీలుకు ఫీజు కావాలి. యాజమాన్యానికి వకీలు దొరికినంత తేలికగా కూలివాడికి దొరకడు. 1961లో మెహర్ గారి అధ్యక్షతన వేసిన బోనసు కమిషను 1964లో నివేదిక ఇచ్చింది. దాని మీద 1965 మేలో ఆర్డినెన్సు, సెప్టెంబరులో బోనసు చెల్లింపు చట్టం వచ్చాయి. అప్పుడు కార్మిక మంత్రి సంజీవయ్య గారే. లాభం వచ్చినా రాకపోయినా ఏడాది జీతంలో కనీసం 4 శాతం లేదా 40 రూపాయలు, ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. గరిష్ఠం 20 శాతం. నెలకు 1600 రూపాయల జీతం దాకా వర్తించేది. ఏడాదిలో 30 పని దినాలు చేసిన మనిషికి హక్కు వచ్చేది.

ఈ 30 రోజుల మాట విలువ చెరుకు క్రషింగు సీజనుకు మాత్రమే పనికి వచ్చినవారికి తెలుస్తుంది. చలికాలంలో చిమ్నీ పొగ మొదలైనప్పుడు లోపలికి, ఎండలు ముదిరేసరికి బయటికి, అదే వారి నౌకరీ. అటువంటివారిని లెక్కలోంచి తీసేయకుండా ఆ నిబంధన కాపాడింది. యాజమాన్యాలు ఊరుకోలేదు, సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1966లో కోర్టు చట్టంలోని కొన్ని భాగాలను కొట్టేసింది కాని కనీస బోనసును నిలిపింది. వకీలుగా ఎక్కువకాలం వాదించే అవకాశం రాని మనిషి మంత్రిగా ఉన్న కాలంలో, వకీలును పెట్టుకోలేని వాడికి ఏటేటా వాదించే పని తప్పించిన చట్టం వచ్చింది. ఇది యాదృచ్ఛికమని కొందరు అంటారు. మంత్రి ఎవరైనా కమిషను నివేదిక అమలయ్యేదేనని కూడా అనవచ్చు. నేను మాత్రం 48 రూపాయల జీతం ఎరిగిన మనిషి ఆ కుర్చీలో ఉండటం వల్ల కొంత తేడా వచ్చిందనే నమ్ముతాను.

1970లో మరోసారి కార్మిక మంత్రి అయ్యారు, 1971లో మరోసారి కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. 1972 మే 7న ఢిల్లీలో గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 51. ఆస్తిపాస్తులు మిగల్చలేదు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉన్న సంజీవయ్య పార్కుకు పిల్లలను తీసుకుపోయే చాలామందికి ఆ పేరు ఎవరిదో తెలియదు. ఆ 1972లోనే కనీస బోనసు 8.33 శాతానికి, అంటే ఒక నెల జీతానికి పెరిగింది. అది ఆయన చూడలేదు. ఆ చట్టం తరువాత 2019 నాటి వేతనాల కోడ్‌లో కలిసిపోయింది. 1937లో మొదలై ఆసియాలోనే పెద్దదని మనం చెప్పుకున్న బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది.

విశాఖపట్నంలో 2008లో పెట్టిన జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ఇప్పుడు సంజీవయ్య గారి పేరే ఉంది. సంతోషమే. అయితే అందులో చేరడానికి రాసే ప్రవేశ పరీక్ష ఇంగ్లీషులోనే. ఇటీవలి ఏళ్లలో దరఖాస్తుకే 4000 రూపాయలు, షెడ్యూల్డు కులాల పిల్లలకైతే 3500. బడిపంతులు పని చేస్తూ లా చదివిన మనిషి పేరున్న చోట ఈ లెక్కలు చూస్తే మనసుకు ఎలాగో ఉంటుంది.

పేరు నమోదు ఫీజు సంగతి కూడా చెప్పాలి. పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం అది మొత్తం 750 రూపాయలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 125. అయినా రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు రకరకాల పద్దుల కింద వేలల్లో వసూలు చేస్తూ వచ్చాయి, ఒడిశాలో అది 42,100 రూపాయల దాకా పోయింది. 2024 జులై 30న సుప్రీంకోర్టు ఇది చెల్లదని, చట్టంలో ఉన్నదానికి మించి తీసుకోరాదని తీర్పు ఇచ్చింది. వెనుకబడిన వర్గాల నుంచి వచ్చేవారి మీద ఈ భారం ఎలా పడుతుందో ఆ తీర్పులో వివరంగా రాశారు. 500 రూపాయల స్టాంపు కాలం నుంచి ఈ మాట కోర్టు నోట రావడానికి ఇన్నేళ్లు పట్టింది.

పట్టా తరువాతి ఎదురుచూపుల కాలానికి మాత్రం ఇంకా సరైన మందు లేదు. షెడ్యూల్డు కులాల లా పట్టభద్రులను ప్రభుత్వ ప్లీడర్ల దగ్గర మూడేళ్లు శిక్షణకు పెట్టి, నెలకు 1000 రూపాయలు ఇచ్చే పథకం చాలా ఏళ్లు నడిచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో జూనియర్లకు నెలకు 5000 ఇచ్చే పథకం పెట్టారు. నా సర్వీసు చివరి రోజుల్లో వెయ్యి రూపాయల శిక్షణకు వచ్చిన కుర్రవాడొకడు బోధన్ వైపు నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. తండ్రి చెరుకు నరికే కూలి. నెలంతా బస్సు చార్జీలకే ఆ వెయ్యి చాలేది కాదు. డ్రాఫ్టింగు చక్కగా ఉండేది, నకళ్ల సెక్షనులో అతని అర్జీలను తిప్పి పంపవలసిన పని ఎప్పుడూ రాలేదు. రెండో ఏడు సగంలో రావడం మానేశాడు. టీచరు ఉద్యోగం వచ్చిందని తరువాత తెలిసింది. ఒకసారి బస్టాండులో కనిపించి నమస్కారం పెట్టాడు. నల్లకోటు ఏం చేశావని అడిగాను. ఇంట్లోనే ఉంది సార్, తమ్ముడు లా చదువుతున్నాడు, వాడికి సరిపోతుంది అన్నాడు.